బుట్ట కోసం మంట

యూరోక్, కారుక్ తెగల ఆడవాళ్లు బుట్టలు అల్లేది హేజెల్ పుల్లలతో. ఉత్తర కాలిఫోర్నియాలో క్లామత్ నదీ తీరపు కొండవాలుల మీద ఈ పొద విరివిగా పెరుగుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే మాత్రం పుల్ల అల్లికకు పనికిరాదు. వంకర్లు పోతుంది, పక్కకొమ్మలు వేస్తుంది, వంచితే విరుగుతుంది. పొదకు నిప్పు పెడితే పైభాగం కాలిపోయి వేరు బతుకుతుంది. ఆ మొదట్లోంచి సన్నటి రెమ్మలు తిన్నగా పైకి లేస్తాయి. వసంతంలో చెట్టుకు రసం పట్టి, బెరడు తేలిగ్గా ఊడివచ్చే కొద్ది వారాల్లోనే వాటిని కోయాలి. కోసిన వెంటనే బెరడు ఒలిచి, ఎండబెట్టి, లావు సన్నాల లెక్కన వేరుచేస్తారు. కొన్నేళ్లకు పొద ముదిరిపోతుంది కనుక మళ్లీ కాల్చక తప్పదు.

ఇలా పుల్ల ఎలా ఉండాలో తెలిసినవాళ్లే మంట ఎలా ఉండాలో చెప్పగలిగారు. ఓక్ చెట్ల కింద చిన్న మంటలు పెట్టి, గింజలను తొలిచే పురుగులను చంపడం కూడా ఈ విద్యలోదే. ఆ గింజల పిండి అక్కడివారికి తరతరాల ఆహారం.

అయితే 1850లో కాలిఫోర్నియా చేసిన చట్టం పచ్చిక బయళ్లకు నిప్పు పెట్టడాన్ని శిక్షార్హం చేసింది. ఇరవయ్యో శతాబ్దంలో ఫెడరల్ అటవీశాఖ ఏ మంటనైనా ఆర్పేయడమే విధానంగా పెట్టుకుంది. లూసీ థాంప్సన్ అనే యూరోక్ మహిళ 1916లో అచ్చయిన తన పుస్తకంలో, పూర్వం కాల్చి కాపాడుకున్న బయళ్లను ఫర్ చెట్లు ఆక్రమిస్తున్నాయని రాసింది. ఆమె మాట పట్టించుకోకపోవడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. దశాబ్దాలుగా పేరుకున్న ఎండుచెత్త నేటి కార్చిచ్చులకు మేత అయింది.

యూరోక్ తెగలో మంటను తిరిగి నిలబెట్టినవారిలో అల్లికకర్త మార్గో రాబిన్స్ ముఖ్యురాలు. యూరోక్ బిడ్డలను హేజెల్ బుట్టలో పడుకోబెట్టి పెంచడం ఆచారం. ఆ బుట్టలకు సరైన పుల్లలు దొరకని పరిస్థితిలో ఆమె మరికొందరితో కలిసి కల్చరల్ ఫైర్ మేనేజ్‌మెంట్ కౌన్సిల్‌ను నెలకొల్పింది. వీరు కాల్చేరోజున ముందు ప్రార్థన చేస్తారు. మన మాచిపత్రి జాతికే చెందిన మొక్క ఎండుకట్టతో తొలి నిప్పు అంటించడమూ ఉంది. గాలి, తేమ, వాలు చూసుకుని మంటను నేలబారునే నడిపిస్తారు. పిల్లలు పెద్దల పక్కనే ఉండి నేర్చుకుంటారు. 2022లో కారుక్ ప్రాంతంలో ఆదివాసీ మహిళల కోసమే ప్రత్యేక శిక్షణ జరిగింది.

చట్టం కూడా కొంత మారింది. 2021లో కాలిఫోర్నియా చేసిన చట్టాలు సంప్రదాయ దహనం చేసేవారిని గుర్తించి, మంట అదుపు తప్పితే వారిపై పడే ఖర్చుల భయాన్ని తగ్గించాయి. 2024 చట్టం ప్రకారం రాష్ట్రంతో ఒప్పందం చేసుకున్న తెగ ప్రతి మంటకూ విడిగా రాష్ట్ర అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. అలాంటి మొదటి ఒప్పందం 2025లో కారుక్ తెగతో కుదిరింది. అయితే కారుక్‌ల పూర్వీకుల నేలలో అత్యధిక భాగం జాతీయ అడవుల కిందికి పోయింది. అక్కడి పొదను కాల్చాలంటే ఇప్పటికీ ఫెడరల్ అటవీశాఖ ఒప్పుకోవాల్సిందే.