పుప్పొడి చెప్పిన సాక్ష్యము

నల్లతుమ్మ పూబంతిని అరచేత నలిపినచో సన్నని పసుపుపొడి అంటుకొనును. అదియే పుప్పొడి. కంటికి వట్టి ధూళివలె దోచు ఆ పొడిని సూక్ష్మదర్శినిలో జూచినచో ప్రతి రేణువు శిల్పి చెక్కిన బొమ్మవలె కానవచ్చును.

రేణువు పైపొర మిక్కిలి గట్టిది. స్వీడన్ దేశీయుడగు గున్నార్ ఎర్ట్‌మన్ రేణువులను తీక్ష్ణమైన ఆమ్లమిశ్రమములో కాచి, లోపలి పదార్థమెల్ల కరగిపోయినను పైపొర చెడకుండ నిలుచు పద్ధతిని నెలకొల్పెను. ఆ పొరమీది రంధ్రములు, చాళ్లు, వలవంటి అల్లికలు వృక్షముల చుట్టరికములను తెలుపును. 1952లో ఆయన ప్రకటించిన గ్రంథము ఈ శాస్త్రమునకు మూలస్తంభము. పుప్పొడి అన్నిచోట్ల సాక్ష్యమీయదు; గడ్డిజాతుల రేణువులు ఇంచుమించు ఒక్క తీరుననే యుండును. ఉష్ణదేశపు చెట్ల విషయమున మాత్రము దాని మేలు గొప్పది. అచ్చటి అడవులలో వేర్వేరు కుటుంబముల చెట్లకును ఆకులు ఒకే పోలికగా నుండును. పూవులు ఎత్తైన కొమ్మలపై ఎప్పుడో గాని లభింపవు. ఎండబెట్టి దాచిన కొమ్మకు ముదిరిన మొగ్గ యొక్కటి యున్నను పరీక్షకు చాలును.

ఇందుకు తుమ్మల కథ మంచి నిదర్శనము. నల్లతుమ్మ, తాంబూలపు కాచునిచ్చు సండ్ర, బాటల ప్రక్కన నాటబడు ఆస్ట్రేలియా తుమ్మ, ఈ మూడును చిరకాలము అకేసియా అను ఒకే ప్రజాతిలో చేర్చబడియుండెను. నల్లతుమ్మ ముండ్లు తిన్ననివి, సండ్ర ముండ్లు కొక్కెములవంటివి. అయినను ముండ్లను మాత్రమే నమ్మి విడదీయుటకు పలువురు వెనుదీసిరి. వీని పుప్పొడి రేణువులు విడివిడిగా నుండవు. చాలవరకు పదునారేసి కలిసి చిన్న ముద్దగా నుండును. ఫిలిప్ గినే అను శాస్త్రజ్ఞుడు ఈ ముద్దలను శ్రద్ధతో పరిశీలించెను. ఆయన గ్రంథము 1969లో పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ పక్షమున వెలువడెను. నల్లతుమ్మ రేణువులకు రంధ్రములతో గూడిన చాళ్లు కలవు. సండ్ర రేణువులకు రంధ్రములే గాని చాళ్లు లేవు. ఆస్ట్రేలియా తుమ్మలకు చాళ్లున్నను అవి రంధ్రములతో కలియవు.

1986లో లెస్ పెడ్లీ ఈ ప్రజాతిని మూడుగా చీల్చవలెనని ప్రతిపాదించెను. తరువాత జన్యుపరీక్షలును ఇవి ఒకే కుదురునుండి పుట్టినవి కావని చూపినవి. అంతట పెద్ద తగవు పుట్టెను: అకేసియా అను పేరు ఎవరికి దక్కవలెను? ప్రాచీన గ్రీకులు ఆ పేరు పెట్టినది ఈజిప్టు తుమ్మకు, అనగా మన నల్లతుమ్మకే. కాని జాతుల సంఖ్యలో ఆస్ట్రేలియాదే పైచేయి. అచ్చటివి వేయికి దగ్గరగా నుండును. 2005లో వియన్నా మహాసభ పేరును ఆస్ట్రేలియా చెట్లకిచ్చెను. ఆఫ్రికా పక్షమువారు తీవ్రముగా అభ్యంతరము చెప్పిరి. 2011లో మెల్‌బోర్న్ సభ ఆ నిర్ణయమునే నిలిపెను. పేరుకు మొదటి హక్కుదారైన నల్లతుమ్మ నాటినుండి వాచెల్లియా నిలోటికా. సండ్ర సెనెగాలియా కటెచు.