వ్యాయామానికీ మోతాదుంది!

కుర్చీలోంచి లేచేటప్పుడు మీ అత్తగారు రెండు చేతులూ ఊనుతున్నారా? గుమ్మం దాటేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా? "వయసైపోయింది కదా, మామూలే" అని మీరూ, ఆవిడా కూడా సరిపెట్టేసుకున్నారా? మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే సరిపెట్టుకున్నాం. అదెంత పొరపాటో తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది.

మా అత్తయ్యకు 74 ఏళ్లు. రెండేళ్ల క్రితం శ్రావణమాసంలో పెరట్లో నాచు మీద కాలు జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు. చెయ్యి చక్కగా అతుక్కుంది గానీ మనిషి మాత్రం సగమైపోయారు. మళ్లీ ఎక్కడ పడిపోతారోనన్న భయంతో ఆవిణ్ణి మేం కుర్చీలోంచి కదలనివ్వలేదు. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చేస్తాగా" అనడం నాకు ఊతపదమైపోయింది. మంచినీళ్లు చేతికి, కాఫీ చేతికి, చివరికి పూజకు పువ్వులు కూడా చేతికే. ఊళ్లో అందరూ కోడలంటే ఇలా ఉండాలన్నారు. నేనూ మురిసిపోయాను.

కదలకుండా ఉంటే ఒంట్లో ఏం జరుగుతుందో అమెరికాలో 2007లో చూశారు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచితే, కాళ్లలోని కండ దాదాపు కిలో తగ్గిపోయింది. పది రోజులకే! మేం మా అత్తయ్యను కూర్చోబెట్టింది ఎన్ని నెలలో లెక్కేసుకుంటే ఇప్పటికీ నా కడుపులో తిప్పుతుంది.

కరెంటు పెట్టించుకున్నాం

కాళ్లు పట్టు తప్పుతున్నాయని మొదట ఓ చోటికి తీసుకెళ్లాం. పదిహేను రోజులు వరసగా మోకాళ్లకు కరెంటు పెట్టారు. వెళ్లేటప్పుడు ఓ జిరాక్సు కాగితం ఇచ్చారు. అందులో ఆరు బొమ్మలు. అన్నింటి కిందా 'రోజూ పదిసార్లు' అనే ఉంది. మెడ నొప్పితో వచ్చిన పాతికేళ్ల కుర్రాడి చేతిలోనూ అదే కాగితం! మా అత్తయ్య దాన్ని పంచాంగంలో పెట్టి, మూడు నెలలు భక్తిగా పదిసార్లు కాలు ఎత్తి దించారు. ఏమీ మారలేదు. "ఇవన్నీ మనకు పనికొచ్చేవి కావే అమ్మాయ్" అని వదిలేశారు.

కరెంటు పెడితే నొప్పి కాస్త తగ్గి, హాయిగా ఉండొచ్చు. కాదనను. కానీ కండకు బలం రాదు. బరువు మొయ్యాల్సిన అవసరం పడితేనే కండ పెరుగుతుంది. అది ఇరవై ఏళ్లవాళ్లకైనా తొంభై ఏళ్లవాళ్లకైనా ఒకటే.

తొంభై అన్నది మాటవరసకు కాదు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో తొంభై ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువులు కట్టి వ్యాయామం చేయించారు మారియా ఫియాటరోన్ అనే డాక్టరు, ఆమె సహచరులు. తేలికపాటి బరువులు కాదు, వాళ్లు ఎత్తగలిగిన గరిష్ట బరువులో 80 శాతం. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అయితే ఆపేశాక నాలుగు వారాల్లోనే అందులో మూడో వంతు దాకా పోయింది. 1994లో ఈ బృందమే వందమందితో మరో పరీక్ష చేసింది. బలానికని తాగించే పానీయం ఒక్కటే ఇచ్చినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. వ్యాయామం చేసినవాళ్లకే బలం వచ్చింది. టానిక్కు సీసాలు కొనేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకుందాం.

ముందు పరీక్ష... తర్వాతే చీటీ

మా ఆడపడుచు చెబితే రెండోసారి మరో ఫిజియోథెరపిస్టును ఇంటికే పిలిపించాం. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి. వస్తూనే వ్యాయామాలు మొదలుపెట్టలేదు. అత్తయ్య వేసుకునే మాత్రలన్నీ బల్ల మీద పరిపించింది. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూసింది. కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయట. అలాంటివాళ్లకు ముందు డాక్టరును కలిసి అది సరిచేసుకోవాలి. పాదాల అడుగున వేలితో తాకి, స్పర్శ తెలుస్తోందా అని అడిగింది. షుగరున్న వాళ్లకు ఇది తప్పనిసరి.

తర్వాత చేతులు గుండెల మీద అడ్డంగా కట్టుకుని, కుర్చీలోంచి అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చేయమంది. కుర్చీని గోడకు ఆనించి, పక్కనే తను నిలబడింది. అమెరికా లెక్కల ప్రకారం 70 నుంచి 79 ఏళ్ల మధ్య ఆడవాళ్లు పదిసార్లకన్నా తక్కువ లేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువ ఉన్నట్టు. మా అత్తయ్య అయిదుసార్లు లేచారు. ఆరోసారి చెయ్యి ఊనేశారు. ఒక పాదం ముందు మరో పాదం, మడమకు బొటనవేలు తగిలేలా పెట్టి నిలబడమంటే నాలుగు సెకన్లకే తూలారు. పది సెకన్లు నిలబడగలగాలట.

ఆఖర్న ఆ అమ్మాయి అడిగింది: "అమ్మమ్మగారూ, మీకు ఏం చేసుకోవాలని ఉంది?"

మేమెవరం ఎప్పుడూ అడగని ప్రశ్న అది. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. "కింద కూర్చుని దీపం పెట్టుకోవాలమ్మా. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి" అన్నారు. కుర్చీలో కూర్చుని పూజ చేసుకోవడం ఆవిడకంత బాధగా ఉందని ఏడాదిగా నాకు తెలియనే తెలియదు.

ఎన్ని అణాల కష్టం?

అప్పుడు రాసింది చీటీ. డాక్టరు మందు రాసినట్టే... ఏ వ్యాయామం, ఎంత బరువు, ఎన్నిసార్లు, వారానికి ఎన్ని రోజులు, ఎప్పుడు పెంచాలి. కుర్చీలోంచి లేవడం. కాలి మడమ దగ్గర బరువు కట్టుకుని, కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపడం. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడటం. పాదం ముందు పాదం పెట్టి నిలబడటం. అంతే, నాలుగే. సోమ, బుధ, శుక్రవారాలు. మధ్యలో రోజు విడవాలి, కండకు తేరుకునే వ్యవధి కావాలి కాబట్టి. మిగతా రోజుల్లో నడక.

కాలికి కట్టే బరువులు బజార్లో దొరుకుతాయి. నేను పాత లంగా గుడ్డతో పొడుగాటి సంచి కుట్టి, అర కిలో ఇసుక తూచి పోసి, రెండు చివరలా నాడాలు పెట్టాను. బరువు ఎంతుండాలన్నది ఎలా తెలుస్తుంది? ఎనిమిది నుంచి పదిసార్లు చేసేసరికి, ఇక చాలు అనిపించాలి. ఇరవైసార్లు ఊసుపోక చేసేయగలిగితే ఆ బరువు చాలనట్టే. మధ్యలో కాస్త ఆగి రెండు విడతలుగా పదేసి సార్లు తేలిగ్గా చేసేస్తే బరువు పెంచాలి. మా జిరాక్సు కాగితంలో లేనిది ఈ పెంచడమే.

కొన్ని రకాల బీపీ మాత్రలు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. అవి వాడేవాళ్లకు నాడి చూసి శ్రమ ఎంతో చెప్పలేం. అందుకని ఊరికే కూర్చుంటే సున్నా, ఇక ప్రాణం పోతోంది అనిపిస్తే పది అనుకుని, మీ కష్టం ఎంతో చెప్పమంటారు. అయిదు, ఆరు దగ్గరుంటే ఓ మాదిరి శ్రమ. మా అత్తయ్యకు ఈ లెక్క ఎక్కలేదు. "రూపాయిలో పదణాల కష్టంగా ఉందమ్మా" అన్నారు. ఆ అమ్మాయి తెల్లబోయి నా వంక చూసింది. రూపాయికి పదహారణాలని చెప్పాను. కాగితం మీద లెక్కేసుకుని, "అయితే సరిగ్గానే ఉంది" అని నవ్వింది. అప్పట్నుంచీ మా ఇంట్లో అణాల లెక్కే.

ఊపిరి బిగబట్టకూడదు. అలా బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. అంకెలు పైకి లెక్కపెడుతూ చేస్తే ఆ బెడద ఉండదు. మా అత్తయ్య అంకెలకు బదులు కేశవ నామాలు చదువుతారు. మోకాలు కొద్దిగా నొప్పి పెట్టడం మామూలే, మర్నాటికి తగ్గిపోవాలి. తగ్గకుండా వాచిందంటే బరువు ఎక్కువైనట్టు. వెన్నెముక గుల్లబారిందని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం, ఎవరో చెప్పారని ముందుకు వంగి కాలివేళ్లు పట్టుకునే ఆసనాలు సొంతంగా వేయకండి. షుగరు మాత్ర వేసుకుని, ఏకాదశి ఉపవాసం ఉండి, వ్యాయామం కూడా చేస్తే కళ్లు తిరిగి పడిపోతారు. ఛాతీలో నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం, తల తిరగడం... వీటిలో ఏది వచ్చినా అక్కడితో ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఫిజియోథెరపిస్టు రోజూ రావాలేమో, అంత ఖర్చు ఎక్కడ పెడతాం అనుకుంటారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 80 దాటిన 233 మంది ఆడవాళ్లతో చేసిన పరీక్ష ఫలితాలు 1997లో వెలువడ్డాయి. అందులో సగంమందికి ఫిజియోథెరపిస్టు మొదటి రెండు నెలల్లో నాలుగంటే నాలుగుసార్లు ఇంటికి వచ్చి, వాళ్లవాళ్ల శక్తిని బట్టి నేర్పి వెళ్లారు. మిగతాదంతా వాళ్లే ఇంట్లో చేసుకున్నారు. ఏడాది తిరిగేసరికి, ఆ వ్యాయామాలు చేయని మిగతా సగంకన్నా వీళ్లు పడిపోవడం బాగా తగ్గింది. మాకూ ఆ అమ్మాయి వచ్చింది మొత్తం ఆరుసార్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ 65 దాటినవాళ్లకు నడక ఒక్కటే చాలదనే ఉంది. బలం పెంచే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు, తూలకుండా నిలబెట్టేవి మూడు రోజులు కావాలి. పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు వేశాం కదా అనుకునే మనకు కూడా ఇది వర్తిస్తుందేమో చూసుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైంది నాకు ఆ అమ్మాయి రాసిచ్చిన చీటీ. "ఆంటీ, మీరు చేతికి అందించడం మానెయ్యాలి. అదీ వైద్యమే" అంది. ఆవిడ లేచి మంచినీళ్లు ముంచుకుంటుంటే నేను కుర్చీలో కూర్చుని చూస్తుండటం... చూసేవాళ్లు ఏమనుకుంటారు! ఓ రోజు మా తోడికోడలు అనేసింది కూడా, "పెద్దావిడతో పనులు చేయిస్తున్నావా" అని. ఆ మాట వారం రోజులు నొచ్చింది. అయినా లేవలేదు.

కుర్చీ తర్వాత ఎత్తు తక్కువ స్టూలు, ఆ తర్వాత ముక్కాలిపీట, చివరికి నేల. ఒక్కో మెట్టు దిగడానికి మూడేసి, నాలుగేసి వారాలు పట్టింది. నాలుగు నెలలయ్యాక మళ్లీ అరనిమిషం పరీక్ష పెడితే పదకొండుసార్లు లేచారు. ఇసుక సంచి కిలోన్నరకు వచ్చింది. సంచి చాలక ఇంకోటి కుట్టాను.

నిరుడు కార్తిక పౌర్ణమినాడు తులసికోట దగ్గర చాప వేయించుకుని కింద కూర్చున్నారు. దీపాలు పెట్టుకున్నారు. లేచేటప్పుడు పక్కనున్న ముక్కాలిపీట మీద ఒక చెయ్యి ఆనించారు గానీ, నా చెయ్యి మాత్రం అడగలేదు. నేను రెండడుగులు ముందుకేసి ఆగిపోయాను.

"ఎన్ని అణాలత్తయ్యా?" అన్నాను.

"పన్నెండు" అన్నారు ఆయాసపడుతూనే. "శుక్రవారం ఆ పీట తీసేద్దాం."