కార్డు లక్షన్నరకు, ట్రాక్టరు ఎనిమిది లక్షలకు!

అమలాపురం: సార్వా ధాన్యం కళ్ళం దాటగానే డెల్టా రైతు చూపు ట్రాక్టరు మీదికి పోతుంది. దాళ్వా దమ్ముకు వేళకు బండి దొరకదు. దొరికినా అడిగినంత కిరాయి ఇచ్చుకోవాలి. సొంత బండి ఉంటే తన చేను దున్నుకోవచ్చు, పక్క చేలకు కిరాయికీ తిప్పుకోవచ్చు. జేబులో చూస్తే కిసాన్ క్రెడిట్ కార్డు. బ్యాంకు ఇచ్చిందే కదా, దీని మీదే తీసేస్తే పోలా అన్న ఆలోచన పుడుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

క్రెడిట్ కార్డు మనకు కొత్త మాటేమీ కాదు. డాక్టర్ పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డు తెచ్చింది. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పట్నంలో ఆ కార్డుతో పరిమితికి మించి కొనాలంటే, అందుకు కార్డుదారు ముందే స్పష్టంగా ఒప్పుకుని ఉండాలని రిజర్వు బ్యాంకు 2022లో కట్టడి చేసింది. ఒప్పుకోకపోతే కొట్టులో మిషను కాదంటుంది, అంతే. 1998లో వచ్చిన కిసాన్ కార్డు సంగతి వేరు. అది వస్తువులు కొనే కార్డు కాదు, పంట పెట్టుబడి కార్డు.

దీని మీద ఎంత ఇస్తారన్నది రైతు అవసరాన్ని బట్టి ఉండదు, పంటను బట్టి ఉంటుంది. ఏ పంటకు ఎకరాకు ఎంత పెట్టుబడి అన్నది జిల్లా సాంకేతిక కమిటీ ఖాయం చేస్తుంది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం ఆ మొత్తానికి ఇంటి ఖర్చులు, కోత తరువాతి ఖర్చుల కింద నూటికి 10, పనిముట్ల మరమ్మతు వగైరాల కింద నూటికి 20 కలుపుతారు. మరమ్మతుకు కలిపారు గాని కొనడానికి కలపలేదని గమనించాలి. ఎకరాకు 40 వేలు అనుకుందాం. మూడెకరాల రైతుకు లక్షా 20 వేలు. దానికి 12 వేలు, 24 వేలు చేర్చితే లక్షా 56 వేలు. దాళ్వా కూడా రాయించుకుంటే ఆ లెక్కా కలుస్తుంది. ఎంత కలిసినా ఎనిమిది లక్షల బండికి అందదు.

అయినా కొనేవారు కొంటూనే ఉన్నారు. కార్డులో ఉన్నదంతా ఒక్కసారే తీసి షోరూములో రైతు వాటాగా కడతారు. మిగతాది ఫైనాన్సు. బండి ఇంటికొస్తుంది, కొబ్బరికాయ కొడతారు. వారం తిరక్కుండా విత్తనాలు, ఎరువులు, ఊడ్పు కూలీలు వచ్చి పడతాయి. కార్డు ఖాళీ. ఇక ఎరువుల కొట్టే దిక్కు. కొట్టు యజమాని కాదనడు, ఖాతాలో రాసుకుంటాడు. చాలాచోట్ల నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి. కోతలయ్యాక ధాన్యం ఆయన చెప్పిన చోటికే తోలాలి. ధర సంగతి రైతు అడగలేడు.

వడ్డీ దగ్గర అసలు దెబ్బ

మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ నూటికి 7 రూపాయలు. గడువులోగా కట్టినవారికి 3 రూపాయలు తగ్గుతుంది. అంటే నాలుగే. ఈ మూడు లక్షలను అయిదు చేస్తామని 2025 ఫిబ్రవరి బడ్జెట్లో ప్రకటించారు. మే నెలలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకంలో మాత్రం మూడే ఉంది.

పంట అమ్మితే పంట అప్పు ఏడాదిలో తీరుతుంది. ట్రాక్టరు ఏడాదిలో తన ఖరీదు తాను సంపాదించదు. గడువు దగ్గర పడేసరికి రైతు చేబదులు కోసం తిరుగుతాడు. నాలుగు రోజుల అప్పుకు ఎక్కువ వడ్డీ ఒప్పుకుని, బ్యాంకులో పాత బాకీ మూసి, కొత్తది తీసి, ఆ చేబదులు తీరుస్తాడు. పుస్తకంలో బాకీ తీరినట్టే ఉంటుంది. పెట్టుబడికి మాత్రం ఏమీ మిగలదు. చేబదులు దొరకనివారికి నాలుగు రూపాయల వడ్డీ పోతుంది.

యంత్రం కొనదలిస్తే బ్యాంకులో అడగవలసింది వాయిదాల రుణం. కిసాన్ కార్డు పథకంలోనే దానికి వేరే భాగం ఉంది. తీర్చడానికి సాధారణంగా అయిదేళ్ళ గడువు ఇస్తారు. పంట పరిమితి జోలికి పోనక్కరలేదు. పాడికీ ఇదే సూత్రం. పశుపోషణకు ఇచ్చే కార్డు పరిమితి దాణాకు, మేతకు, మందులకు. గేదెను కొనాలంటే వాయిదాల రుణమే అడగాలి. తనఖా లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం 2019లో లక్షా 60 వేలు అయింది. 2025 జనవరి 1 నుంచి అది రెండు లక్షలు. ఆపైన భూమి కాగితాలు పెట్టవలసి రావచ్చు.

కాగితాలే లేని కౌలుదారు మాటేమిటి? 2011 చట్టం కింద భూయజమాని అంగీకారంతో పని లేకుండా రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. 2019 చట్టం వచ్చాక ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం కావాలి. హైదరాబాదులో ఉన్న ఆసామి సంతకం కోసం మనిషిని పంపాలి. పెడతాడన్న నమ్మకం లేదు. అదే భూమి మీద ఆసామి అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు వెనుకాడుతుంది. అన్నీ కుదిరి కార్డు వచ్చినా దాని గడువు 11 నెలలు. దమ్ము బండికి కావలసింది అయిదేళ్ళ అప్పు. పదకొండు నెలల కాగితం చూసి అయిదేళ్ళ అప్పు ఇవ్వమంటే మేనేజరు తల అడ్డంగా ఊపుతారు. కౌలుదారు మళ్ళీ కిరాయి బండి కోసం వరసలో నిలబడతాడు.