విజయవాడలో దొరికింది, లంకలో దొరకలేదు

మాది కొల్లూరు అని చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు "ఓహో, కోహినూర్ మీ ఊళ్లోదేగా!" అంటారు. కాదు మహాప్రభో. ఆ వజ్రం దొరికిందని చెప్పుకునే కొల్లూరు పల్నాడులో ఉంది. ఆ గనుల ప్రాంతం ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మాది బాపట్ల జిల్లా కొల్లూరు. కృష్ణ పక్కన, ఇటుక బట్టీల మధ్య. కరకట్ట దాటితే లంకలు. మా దగ్గర వజ్రాలేం పోవు. గొడుగులు, తాళాలు, చార్జర్లు పోతాయి. నా విషయంలో మాత్రం ఏకంగా టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలున్న బ్యాగే పోయింది.

స్కాలర్‌షిప్ పని మీద మెమోలు బ్యాగులో పెట్టుకుని ఓ శుక్రవారం సాయంత్రం బాపట్లలో ప్యాసింజర్ ఎక్కాను. తెనాలిలో దిగి బస్టాండుకి నడిచాక చూసుకుంటే భుజం తేలిగ్గా ఉంది. బ్యాగు పైన బెర్తు మీదే ఉండిపోయింది. రైలు విజయవాడ వెళ్లిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, బ్యాగు లోపలి జిప్పులో తాళాల గుత్తి ఉంది, దానికి రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద బ్లూటూత్ ట్యాగ్ ఒకటి ఉంది. ఆఫర్లో ఉందని సరదాకి కొన్నది. యాప్ తెరిస్తే మొదట తెనాలి స్టేషనే చూపించింది. గుండె ఆగినంత పనైంది. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే విజయవాడ స్టేషను. వెంటనే 139కి ఫోన్ చేసి రైలు వివరాలు, నేను కూర్చున్న పెట్టె, బ్యాగు రంగు చెప్పాను. రాత్రి పదింటికి బ్యాగు నా చేతిలో ఉంది.

ఇంట్లో ట్యాగ్‌కి ఒక్కసారిగా గౌరవం పెరిగిపోయింది. నాన్న దాన్ని నా దగ్గర తీసుకుని లంకలో మోటారు షెడ్డు తాళాల గుత్తికి తగిలించుకున్నారు. రెండు వారాలకి ఆ గుత్తి అరటి తోటలో ఎక్కడో జారిపోయింది. నాన్న నాకు ఫోన్ చేసి "చూడరా ఎక్కడుందో" అన్నారు. యాప్‌లో చూస్తే మా ఇల్లు చూపిస్తోంది, అది కూడా ఆదివారం నాటిది. ఆ రోజు బుధవారం! చేసేదిలేక నాన్న షెడ్డు తాళం పగలగొట్టారు.

అదే ట్యాగ్, అదే బ్యాటరీ. విజయవాడలో దొరికింది, ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో లంకలో దొరకలేదు. ఇదెందుకో తెలిస్తే ఈ ట్యాగ్‌లు దేనికి పనికొస్తాయో, దేనికి పనికిరావో మొత్తం తెలిసిపోతుంది.

ట్యాగ్‌కి తన చోటు తనకే తెలియదు

చాలామంది అనుకున్నట్టు ఇందులో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. లోపల ఉండేది ఒక బ్లూటూత్ చిప్, ఒక చిన్న బజర్, ఒక బ్యాటరీ, అంతే. చాలావాటిలో వాడే బ్యాటరీ సీఆర్2032. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. దాని కెపాసిటీ సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. సంవత్సరానికి 8,760 గంటలు. భాగించి చూడండి. ఏడాది పాటు నడవాలంటే సగటున 25 మైక్రో ఆంపియర్లకి మించి తాగకూడదు. అంత పొదుపులో జీపీఎస్ నడవదు. 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చిన లో ఎనర్జీ పద్ధతి వల్లే ఇది సాధ్యమైంది. ఎక్కువసేపు నిద్రపోతుంది, మధ్యమధ్యలో లేచి "నేనిక్కడున్నా" అని చిన్న కేక వేస్తుంది, మళ్లీ పడుకుంటుంది.

ఆ కేక వినేది పక్కనుంచి పోయే ఎవరిదో ఫోన్. ఆ ఫోన్‌కి తను ఎక్కడుందో తెలుసు కాబట్టి, ఆ చోటుని రహస్య లిపిలోకి మార్చి సర్వర్‌కి పంపేస్తుంది. నా ఫోన్ ఆ రహస్యాన్ని విప్పుకుని మ్యాపు మీద చుక్క పెడుతుంది. నెట్‌వర్క్ సెక్యూరిటీలో చదువుకున్న పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ సంగతే ఇది. తాళం ఎవరైనా వేయొచ్చు, తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది. మధ్యలో ఉన్న ఫోను యజమానికి తను నాకు సాయం చేసినట్టు కూడా తెలియదు. ట్యాగ్ కూడా తన గుర్తింపుని తరచూ మార్చుకుంటూ ఉంటుంది, ఎవరో కాపు కాసి వెంటాడకుండా.

అంటే మ్యాపులో కనిపించేది నిజానికి ట్యాగ్ ఉన్న చోటు కాదు, దాని పక్కనుంచి వెళ్లిన ఫోను ఉన్న చోటు. విజయవాడ ప్లాట్‌ఫారం మీద వందల ఫోన్లు. నా మెమోలు దొరికింది టెక్నాలజీ వల్ల ఎంతో, ఆ జనం వల్ల అంత.

మరి లంకలో ఏమైంది?

మొదటిది, జనం లేరు. ఆ రోజు తోటలో నాన్న, ఇద్దరు కూలీలు ఉన్నారు. అందులో ఒకరిది బటన్ ఫోన్.

రెండోది ఎక్కువమందికి తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే గూగుల్ ఫైండ్ హబ్ మామూలుగా జనం రద్దీ ఉన్న చోట్ల మాత్రమే పనిచేసేలా సెట్ అయి ఉంటుంది. ఒక్క ఫోను చూస్తే చాలదు, కొన్ని ఫోన్లు చూశాకే చోటు చెబుతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిందే. ఒంటరిగా ఉన్న ఇంట్లో ఎవరున్నారో బయటపడకుండా చేసిన ఏర్పాటు. కానీ మా లంక లాంటి చోట దాని ఫలితం ఏంటంటే, ట్యాగ్ ఎంత అరిచినా పట్టించుకునేవాళ్లుండరు.

మూడోది ఫిజిక్స్. బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్. మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు ఆ బ్యాండ్‌లోనే నీటిని వేడి చేస్తుంది. నీళ్లు ఈ తరంగాల్ని మింగేస్తాయి. అరటి చెట్టంటేనే నీళ్లు. పైగా తడి నేల. ఖాళీ మైదానంలో పదుల మీటర్లు వెళ్లే సిగ్నల్ అక్కడ నాలుగడుగులకే నీరసపడిపోతుంది.

శనివారం నేనే ఫోన్ తీసుకుని తోటకి వెళ్లాను. ట్యాగ్ నా ఫోన్‌తోనే జత అయి ఉంది కాబట్టి దగ్గరికి వెళ్తే నేరుగా పట్టుకుంటుంది. వరస వెంబడి నడుస్తూ సౌండ్ బటన్ నొక్కుతూ పోతే, మూడో వరసలో ఎండుటాకుల కింద కీచుమంది. బుధవారమే నాన్న ఫోన్‌కి ఆ ట్యాగ్‌ని షేర్ చేసి ఉంటే తాళం పగలగొట్టాల్సిన పనే ఉండేది కాదు. ఆ ఆప్షన్ యాప్‌లోనే ఉంది, నేనే చూడలేదు.

దేనికి కట్టొచ్చు

జనంలో తిరిగే వస్తువులకి కట్టండి. కాలేజీ బ్యాగు, హాస్టల్ ట్రంకు పెట్టె, సర్టిఫికెట్ల ఫైలు, బండి తాళం, అమెరికా వెళ్లే అక్క సూట్‌కేసు. ఇంట్లోనే రోజూ కనపడకుండా పోయే తాళాలకి అయితే బజర్ ఒక్కటే చాలు, నెట్‌వర్క్‌తో పనిలేదు. బండిలో పెట్టేటప్పుడు మాత్రం ఇనప డబ్బాలో వేయకండి, సిగ్నల్ బయటికి రాదు. ప్లాస్టిక్ ప్యానెల్ వెనక పెట్టండి.

వరద మీద ఆశ పెట్టుకోకండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు మా మండలం లంకలు మునిగాయి. ఐపీ67 అని రాసున్న ట్యాగ్ మీటరు లోతులో అరగంట తట్టుకుంటుంది, మహా అయితే. అదీ పాడవకుండా ఉంటుందనే గానీ, నీళ్లలోంచి కేక వినిపిస్తుందని కాదు.

కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఏ నెట్‌వర్క్‌లో పనిచేస్తుంది? ఆపిల్ ఎయిర్‌ట్యాగ్‌కి ఐఫోన్ కావాలి. శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్‌కి గెలాక్సీ ఫోన్ కావాలి. మిగతా ఆండ్రాయిడ్ వాళ్లకి 2024 డిసెంబరులో వచ్చిన జియోట్యాగ్ గో లాంటివి గూగుల్ నెట్‌వర్క్‌లో పనిచేస్తాయి. ఏ నెట్‌వర్క్ పేరూ లేకుండా రెండు మూడొందలకి అమ్మే బిళ్లలు చాలావరకు మీ ఫోన్ దగ్గరున్నంతసేపే పనిచేస్తాయి. రైల్లో పోతే పోయినట్టే. ఇంట్లో చిన్నపిల్లలుంటే బ్యాటరీ మూత గట్టిగా ఉందో లేదో చూడండి. ఆ బిళ్ల మింగితే ప్రాణం మీదకి వస్తుంది.

దొంగతనం అయితే చుక్క చూపించిన ఇంటికి మీరే వెళ్లిపోకండి. స్క్రీన్‌షాట్ తీసుకుని పోలీస్ స్టేషనుకి వెళ్లండి. కోహినూర్ లండన్ టవర్‌లో ఉందని లోకమంతటికీ తెలుసు, తెలిసినంత మాత్రాన వచ్చేసిందా?

మీ బ్యాగులో వేరేవాళ్ల ట్యాగ్ ఉంటే

ఇది ముఖ్యంగా హాస్టల్లో ఉండే అమ్మాయిల కోసం. వస్తువుని వెతికే బిళ్ల మనిషిని వెంటాడటానికీ పనికొస్తుంది. అందుకే ఆపిల్, గూగుల్ కలిసి ఒక ప్రమాణం తయారుచేసి 2024 మే నెల నుంచి అమలులోకి తెచ్చాయి. ఆ ప్రమాణం పాటించే తెలియని ట్యాగ్ మీతోపాటే తిరుగుతుంటే, ఐఫోన్ అయినా ఆండ్రాయిడ్ అయినా హెచ్చరిక వస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ లోపల తెలియని ట్రాకర్ల హెచ్చరిక ఉంటుంది, అక్కడే చేత్తో స్కాన్ కూడా చేసుకోవచ్చు. ట్యాగ్ దొరికితే కంగారులో విసిరేయకండి. అది సాక్ష్యం. ముందు ఫొటో, స్క్రీన్‌షాట్ తీసుకుని, తర్వాత బ్యాటరీ తీసేసి, భయంగా ఉంటే 112కి ఫోన్ చేయండి.

తాతయ్య సంగతి

మా తాతయ్యకి ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. పోయిన చలికాలం ఒకరోజు తెల్లారుజామున ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయారు. గంటన్నర వెతికాం. కరకట్ట మీద టీకొట్టాయన గుర్తుపట్టి, కూర్చోబెట్టి టీ ఇచ్చి, మాకు ఫోన్ చేశాడు.

ట్యాగ్ కథలన్నీ విన్నాక అమ్మ అడిగింది: "ఆ బిళ్లేదో తాతయ్య జేబులో వేస్తే పోదూ?"

వేయొచ్చు. కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకూడదని చెప్పాను. తయారుచేసే ఆపిల్ వాళ్లే ఇది వస్తువుల కోసమని, మనుషుల కోసం కాదని చెబుతున్నారు. తాతయ్య నడిచేది తెనాలి బస్టాండులో కాదు, తెల్లారుజామున కరకట్ట మీద. అక్కడ ఫోన్లు తక్కువ. చుక్క అరగంట ఆలస్యంగా వస్తే ఆలోపు ఆయన రేవు దాకా వెళ్లిపోగలరు. మనిషికైతే జీపీఎస్, సిమ్ రెండూ ఉండి, రోజూ చార్జింగ్ పెట్టే పరికరం కావాలి.

ప్రస్తుతానికి పేరు, ఊరు, నాన్న నంబరు రాసి లామినేషన్ చేయించిన కార్డు తాతయ్య చొక్కా జేబులో ఉంటోంది. చేతికర్రకి ట్యాగ్ కూడా కట్టాం, కానీ అది రెండోదే. టీకొట్టాయనకి, కరకట్ట మీద తెల్లారే తిరిగే ఇద్దరు ముగ్గురికి చెప్పి ఉంచాం. వాళ్ల ఫోన్లు తీసుకుని ఫైండ్ హబ్‌లో ఆ రద్దీ సెట్టింగ్‌ని అన్నిచోట్లా పనిచేసేలా మార్చాను.

పల్లెటూళ్ల నుంచి వచ్చే వాళ్లందరికీ నాదొక విన్నపం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఫోన్‌లో, మీ ఇంట్లోవాళ్ల ఫోన్లలో సెట్టింగ్స్ తెరిచి, గూగుల్, అందులో ఫైండ్ హబ్‌లోకి వెళ్లి ఆ ఒక్కటీ మార్చండి. మారిస్తే ఏం జరుగుతుందో వాళ్లకి చెప్పి, సరేనంటేనే మార్చండి. మీకు ట్యాగ్ లేకపోయినా ఫర్వాలేదు. ఎవరి తాళాలో, ఎవరి మెమోలో మీ పక్కనుంచి పోతుంటాయి.