నంబరు కలవని తుపాకీ

తాతల నాటి డబుల్ బ్యారెల్‌ను ఏ దారిన అమ్మాలి? ప్రత్తిపాడు మండలంలో ఒక లైసెన్సు పుస్తకం వెంట...

లైసెన్సు పుస్తకంలో రాసిన నంబరు చివర 3 ఉంది. తుపాకీ మీద చెక్కిన నంబరు చివర 8 ఉంది. ట్రిగ్గర్ గార్డు పట్టీ మీద చూసినా, బ్యారెళ్ల అడుగున చూసినా, ముందు చెక్క లోపలి ఇనుము మీద చూసినా 8. కాగితం లెక్కన ఈ ఇంటికి ఈ తుపాకీ లేదు. ఉన్న తుపాకీకి కాగితం లేదు.

‘పాత తుపాకులు లక్షలు పలుకుతున్నాయట, మన జిల్లాలో ఎవరైనా అమ్ముతున్నారేమో చూసి రాయండి, గురువారం సాయంత్రానికి పేజీలు కట్టేయాలి’ అని సంపాదకులు అప్పగించిన పని ఇది. వెతగ్గా ప్రత్తిపాడు మండలంలో ఒక రైతు కుటుంబం దొరికింది. గుంటూరు నుంచి పర్చూరు వైపు పోయే పాత మద్రాసు రోడ్డు, రెండు పక్కలా నల్లరేగడి, పత్తి, మిరప. పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. తండ్రి పోయి ఏడాది కావస్తోంది.

‘‘నాయన ఉన్నన్నాళ్లూ నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టేవాడండీ. ఆయన పోయాక డీలరు దగ్గర డిపాజిట్ చేశాం. ఫోన్లు చేసి ఒకరు ఇంతంటారు, ఇంకొకరు అంతంటారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు’’ అన్నారు కొడుకు.

డీలరు కళ్లెదుటే దాన్ని విప్పి చూశాం. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ చేసిన 12 బోరు, పక్కపక్కన రెండు గొట్టాలు. 12 బోరు అంటే గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌండు తూగుతాయని లెక్క. వేట మీద నాకు ఇష్టం లేదు. పనితనం మీద ఉంది. గొట్టాలు మూసినప్పుడు వినిపించే ఆ ఒక్క చప్పుడులో ఎక్కడా వదులు లేదు. వాల్‌నట్ చెక్క మీద చేతి చెమటకు నల్లబడ్డ చోటు తప్ప పగులు లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా చెక్కకూ ఇనుముకూ మధ్య గోరు దూరదు.

అయినా ఆ రోజు నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది లైసెన్సు పుస్తకమే.

అది రెండో పుస్తకం. మొదటిది నిండిపోయాక ఇచ్చింది. ఆయుధం వివరం దగ్గర ‘డి.బి.బి.ఎల్. 12 బోర్’ అని ఉంది, అంటే రెండు గొట్టాలు, మడిచి వెనక నుంచి తూటా పెట్టే రకం. తర్వాత రెన్యువల్ ముద్రలు, ఒకదాని మీద ఒకటి, మూడేళ్లకొకటి చొప్పున. తూటాలు కొన్న పద్దులకు వేరే పేజీలు. పాత పుస్తకంలో ఆ పేజీలు కిక్కిరిసి ఉన్నాయి. కొత్త పుస్తకంలో పోను పోను పలచబడి, చివరికి ఖాళీ గళ్లే మిగిలాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించి, అయిపోయాక తెచ్చుకున్న రసీదులు మడతలు పెట్టి అట్టలో దోపి ఉన్నాయి. పల్నాడు పక్కనే ఉన్న జిల్లాలో ఆ రసీదులు ప్రతి లైసెన్సుదారు ఇంట్లోనూ ఉంటాయి. ఒక మనిషి తన తుపాకీని ఎన్నిసార్లు అప్పజెప్పాడో, ఎన్నిసార్లు వెనక్కి తెచ్చుకున్నాడో చెప్పే చరిత్ర అది. ఇంత పద్ధతిగా కాగితం దాచినవాడిని చూస్తే గౌరవం కలుగుతుంది.

ఆయన మొదటి పుస్తకాన్ని కూడా పారేయలేదు. అందులో నంబరు చివరి అంకె 8. రెండు చుట్లకూ ఎడమ పక్క సిరా వెలిసిపోయి, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే తప్ప 3 లాగే కనిపిస్తుంది. కొత్త పుస్తకంలోకి ఎక్కించినవారు దాన్ని 3 అని చదివారు. అప్పటి నుంచి ప్రతి రెన్యువల్‌లోనూ, జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో ఇచ్చిన యూఐఎన్ (విశిష్ట గుర్తింపు సంఖ్య) కింద కూడా 3 అనే నడిచింది.

ఈ తప్పు సరిదిద్దకుండా అమ్మితే కొన్నవాడి లైసెన్సులో 3 ఎక్కుతుంది, చేతిలో 8 ఉంటుంది. రేపు తనిఖీలో పట్టుబడితే అది లైసెన్సు లేని తుపాకీయే. అందుకే ధర మాట ఎత్తే ముందు పాత పుస్తకం, కొత్త పుస్తకం, డీలరు ధ్రువీకరణ జత చేసి కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకోమని చెప్పాను. ఫోన్లు చేసిన కొనుగోలుదారుల్లో ఒక్కరైనా నంబరు చెప్పమని అడగలేదట. అలాంటివారితో బేరం వద్దు.

చరిత్ర రెండు ముక్కల్లో: 1878 ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. ఇప్పటి ఆయుధ చట్టం 1959లో వచ్చి 1962 అక్టోబరు నుంచి అమలైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది, దాంతో ఈ తుపాకీకి పని తగ్గింది. 1983లో మనిషికి మూడు తుపాకులని పరిమితి పెట్టారు, 2019 డిసెంబరులో దాన్ని రెండుకు దించారు.

బజారును మార్చింది ఆ చివరి మార్పే. మూడోది ఉన్నవాళ్లందరూ ఏడాదిలో దాన్ని వదిలించుకోవాల్సి వచ్చింది. వారసత్వంగా వచ్చినా రెండు దాటకూడదు. అంటే అమ్మేవాళ్లు పెరిగారు, లైసెన్సులో ఖాళీ ఉన్నవాళ్లు తగ్గారు. పైగా ఆ ఖాళీ ఉన్నవాడు దాన్ని పిస్తోలుకో రివాల్వరుకో వాడుకోవాలనుకుంటాడు. లక్షల మాట నేను నమ్మను. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి లండన్ పేర్లకు, పెట్టెతో సహా చెక్కుచెదరని వాటికి ఆ మాట చెల్లుతుంది. మామూలు బర్మింగ్‌హామ్ డబుల్ బ్యారెళ్లు ఇంగ్లండులోనే కొన్ని వందల పౌండ్లకు దొరుకుతాయి.

గుంటూరు రైతు మిర్చి ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతాడు. లైసెన్సుదారు పోయిన తుపాకీకి ఆ వీలు లేదు. ఆయుధ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం దాన్ని పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. గడువులోగా వారసులు లైసెన్సు తెచ్చుకుని వెనక్కి తీసుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవారికి అమ్ముకోవచ్చు. గడువు దాటితే అది ప్రభుత్వపరం.

కొడుక్కి ఉన్న మొదటి దారి, ఉంచుకోవడం. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం వారసుడికి లైసెన్సు ఇవ్వడానికి వీలు కల్పిస్తుంది, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. లైసెన్సుదారు బతికుండగానే, 70 ఏళ్లు నిండినా లేక తుపాకీ 25 ఏళ్లుగా తన దగ్గరున్నా, వారసుడి పేర బదిలీ కోరవచ్చు. ఈ సంగతి తెలిసి ఉంటే తండ్రి ఉన్నప్పుడే పని జరిగిపోయేదని కొడుకు బాధపడ్డారు. ఆయనకు ఉంచుకోవాలని లేదు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఆ నిర్ణయం సరైనదే.

రెండోది డీలరుకు నేరుగా అమ్మేయడం. ఒక్కరోజులో తేలిపోతుంది, ధర తక్కువ వస్తుంది. తిరిగి అమ్ముడుపోయేదాకా సరకు ఆయన దగ్గరే ఉండాలి కాబట్టి ఆయన తగ్గించి అడగడంలో తప్పు లేదు. మూడోది డీలరు దగ్గరే ఉంచి కమీషన్ మీద అమ్మించడం. కనీస ధర, కమీషన్, గడువు కాగితం మీద రాయించుకుంటేనే ఒప్పుకోవాలి.

నాలుగోది లైసెన్సున్న మనిషికే నేరుగా అమ్మడం. లైసెన్సుదారు బతికుంటే 5వ సెక్షన్ ఈ దారి చూపిస్తుంది: కొనేవాడి పేరు, చిరునామాతో కలెక్టరుకు గానీ దగ్గరి స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి, ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. చెప్పకుండా అమ్మినా, 45 రోజులు నిండకముందే ఇచ్చినా ఆరు నెలల దాకా జైలు ఉంది. లైసెన్సు లేనివాడికి అమ్మితే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. వాట్సాప్‌లో ఫొటో పెట్టి బేరమాడేవాళ్లు ఈ రెండో శిక్షను గుర్తుపెట్టుకోవాలి.

లండన్ వేలం ఆశ కూడా ఆ ఫోన్లలో ఒకరు పెట్టారు. ఆయుధం ఎగుమతికి కేంద్రం లైసెన్సు కావాలి. వందేళ్లు దాటి చారిత్రక విలువ ఉన్నదైతే 1972 పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది, ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించలేడు. ఆ దారి మూసుకుపోయిందనే అనుకోవాలి.

నన్నడిగితే ఈ తుపాకీకి నాలుగో దారే మంచిది, లైసెన్సుదారు పోయారు కాబట్టి 21వ సెక్షన్ కింద, అదీ డీలరు దుకాణాన్నే చూపించే చోటుగా పెట్టుకుని. పాతదాన్ని ఇష్టపడి కొనేవాడు తుప్పు లేని గొట్టాలకు, మార్చని చెక్కకు, వరసగా ఉన్న కాగితాలకు ఎక్కువ ఇస్తాడు. ఈ కుటుంబం దగ్గర మూడూ ఉన్నాయి.

గొట్టాల అడుగున చదవాల్సింది

బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పెట్టింది. అక్కడ ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకున్న గొట్టానికే ముద్ర వేస్తారు. కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అక్షరాలుంటే 1904–1954 మధ్యది. ఎన్‌పీ అంటే పొగరాని మందుకు తట్టుకుంటుందని. ఆ ముద్ర లేని పాత గొట్టంలో ఇప్పటి తూటా పెట్టకూడదు. 2½ అంగుళాల గది ఉన్నదానిలో 70 మిల్లీమీటర్ల తూటా కూడా వద్దు. అమ్మే ముందు గరుకు కాగితంతో రుద్దించడం, కొత్త నలుపు పట్టించడం చేయకండి, విలువ పడిపోతుంది. గొట్టాల మధ్య పట్టీ మీద మద్రాసు పి.ఓర్ అండ్ సన్స్ లాంటి అమ్మకందారు పేరుంటే అలాగే ఉంచండి.

కార్న్‌వాలిస్ తుపాకీ

గుంటూరు సర్కారును 1788లో నిజాం నుంచి కంపెనీకి రాబట్టిన గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్. టిప్పు సుల్తాన్ కోసం 1793–94లో చేసిన చెకుముకి వేట తుపాకీ ఒకటి తర్వాత ఆయనకు బహుమతిగా చేరింది. 2023లో దాని విలువ 20 లక్షల పౌండ్లుగా కట్టి, దేశం దాటిపోకుండా బ్రిటన్ ప్రభుత్వం తాత్కాలికంగా ఆపింది. ఆ ధర ఆ పేర్లది.

పేలని, బాగుచేసినా పేలే వీల్లేని పురాతన ఆయుధాలకు ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయితే పేలుతుందో లేదో మీరే తేల్చుకోవద్దు, అధికారుల చేత రాయించుకోండి. మీ ఇంట్లో లైసెన్సుదారు పోయి, తుపాకీ ఇంకా బీరువాలోనే ఉంటే ఈ వారంలోనే డిపాజిట్ చేసి నంబరుతో సహా రసీదు తీసుకోండి. ఆ నంబరును తుపాకీతో, పుస్తకంతో పోల్చి చూసుకోండి. పాత పుస్తకం ఉంటే పారేయకండి.