నిన్నటిదాకా ఎలా ఉన్నారు?

మఠంపల్లి నుంచి డిమెన్షియా ఉన్న పెద్దాయనను 108లో సూర్యాపేట జనరల్ ఆస్పత్రికి తెచ్చారనుకుందాం. ‘మతిమరుపు ముదిరింది డాక్టర్ గారూ’ అంటారు ఇంట్లోవాళ్లు. డిమెన్షియా ముదరడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. రాత్రికి రాత్రే మనిషి తికమకపడినా, మగతలోకి జారినా డెలీరియం అని అనుమానించాలి. తెల్లారాక చూద్దామనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ లేదా సోడియం పడిపోవడం, మూత్రం ఆగిపోవడం, కొత్తగా వేసిన నిద్రమాత్ర... కారణం ఏదైనా కావొచ్చు. ఈ వయసులో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. నొప్పి ఎక్కడో ఆయన చెప్పలేరు. అందుకే ఫోన్‌లో మాట్లాడే కొడుకు కంటే రోజూ అన్నం పెట్టే కోడలి మాటే మాకు ఎక్కువ పనికొస్తుంది. వాడే మందులన్నీ, కళ్లజోడు, వినికిడి యంత్రం వెంట తేవాలి. క్యాజువాలిటీ చప్పుడుకు బెదిరి సెలైన్ పీకేస్తుంటే చేతులు కట్టేయమనకండి. తెలిసిన మనిషి పక్కన కూర్చుని వరస పెట్టి పిలిస్తే చాలాసార్లు కుదుటపడతారు.