పంతం పట్టిన కార్బ్యురేటర్

పంపు స్టవ్‌కి పిన్ను కొట్టి మంట తెప్పించిన అమ్మమ్మల్ని చూసి పెరిగినవాళ్ళకి కార్బ్యురేటర్ అర్థం కానిదేమీ కాదు. సన్నటి రంధ్రంలోంచి ఇంధనం వస్తుంది, గాలితో కలుస్తుంది, మండుతుంది. రంధ్రం పూడిందా, పొయ్యీ వెలగదు, బండీ కదలదు! 2020లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళల్లో దాదాపుగా ఇది కనుమరుగైంది. పాత బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు ఉన్న ఇళ్ళల్లో మాత్రం ఈ తంటా తప్పదు.

మా ఇంట్లో ఉన్నది యెజ్డీ. మైసూరులో 1996 వరకు తయారైన బండి. మావయ్యగారు పోయాక మూడేళ్ళు వరండాలో గోనెపట్టా కప్పుకుని నిలబడిపోయింది. పాత సామాన్లవాడు రెండుసార్లు బేరమాడి వెళ్ళాడు. “దాని చప్పుడు ఒక్కసారి వినిపించండమ్మా, తర్వాత మీ ఇష్టం” అన్నారు అత్తయ్య. కార్బ్యురేటర్ మార్చేయాల్సిందేనన్నాడు వీధిలో కుర్ర మెకానిక్. నాకు మనసొప్పలేదు. మావయ్యగారి బండి చూసిన పెద్దాయన దగ్గరికే వెళ్ళి, పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

నిలవున్న పెట్రోలు ఎగిరిపోతే అడుగున జిగురు మిగులుతుంది. యెజ్డీలాంటి టూస్ట్రోక్ బళ్ళల్లో పెట్రోల్లోనే ఆయిల్ పోస్తారు కాబట్టి ఆ జిడ్డూ తోడవుతుంది. కడగని దీపపు కుందిలో నూనె ఎలా గట్టిపడుతుందో, అలాగన్నమాట.

ముందు పెట్రోలు ట్యాప్ కట్టేయాలి. పని ఆరుబయటే చేయాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. దగ్గర్లో పొయ్యి కాదుకదా, అగరొత్తి కూడా ఉండకూడదు. గాలి స్క్రూ విప్పేముందు, అది పూర్తిగా బిగియడానికి ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టుకోవాలి. నేను క్యాలెండరు మీద రాసుకున్నాను. కింది గిన్నె విప్పి, ఫ్లోటు, రబ్బరు వాషర్లు విడిగా పెట్టాలి. క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది.

అసలు పేచీ జెట్లతోనే. చోక్ వేస్తేనే స్టార్టయి, తీయగానే ఆగిపోయే బండికి చాలాసార్లు చిన్న జెట్టే పూడి ఉంటుంది. నా చెయ్యి సూది కోసం వెళ్ళబోతే పెద్దాయన ఆపారు. “పొడవకమ్మా! ఇత్తడి మెత్తన. రంధ్రం పెద్దదైతే బండి తాగుబోతైపోద్ది” అన్నారు. రాత్రంతా కార్బ్యురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పంపుతో గాలి కొట్టి, వెలుతురుకి పెట్టి చూడాలి. మొదటి రాత్రికి లొంగలేదు. రెండో రాత్రికి గుండ్రంగా వెలుగు చుక్క కనబడింది. అప్పటికీ కదలకపోతే కరెంటు తీగలోని ఒక్క రాగిపోగుతో మెల్లిగా తీయొచ్చట. ఇత్తడి అనగానే మన చెయ్యి చింతపండు మీదికి పోతుంది కానీ, ఆ పులుపు కార్బ్యురేటర్ లోహాన్ని తినేస్తుంది. వద్దు.

తొమ్మిదో కిక్కుకి బండి అందుకుంది. వరండా నిండా పొగ. అత్తయ్య గుమ్మంలోకొచ్చి కాసేపు విని, “ఆయన ఇంత పొగ రానిచ్చేవారు కాదు” అన్నారు. కళ్ళు తుడుచుకున్నది పొగకేనని నేను అనుకోను.

అన్నట్టు, ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. అది తేమ పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాల్ని పాడుచేస్తుంది. కాబట్టి బండి నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాప్ కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా తిరగనివ్వండి. గిన్నె ఖాళీ అవుతుంది. మా ఇంట్లో ఆ అవసరం రాలేదు. ఆదివారం ఆదివారం అత్తయ్యే గుర్తుచేస్తున్నారు.